భవిష్యత్తును ముందే చూసినవాళ్లు: ‘హీరోస్’ ధారావాహికపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ‘హీరోస్’ను ఇష్టపడి చూసేవాళ్లు నలుగురు కలిస్తే మాట చివరికి ఒక్క విషయం దగ్గరికే చేరుతుంది: జరగబోయేది ముందే కనిపిస్తే దాన్ని మార్చవచ్చా, మార్చలేమా? ఆ చర్చల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. కథ ముగింపు కూడా ఈ జవాబుల్లో వెల్లడవుతుంది కనుక, మొదటి సీజన్ ఇంకా చూడనివాళ్లు మొదటి రెండు ప్రశ్నలు చదివి ఆగి, ఆ సీజన్ పూర్తిచేశాక మిగతావి చదవాలని మనవి.

‘హీరోస్’ ఎవరు తీశారు? ఎన్నాళ్లు నడిచింది?

టిమ్ క్రింగ్ సృష్టించిన ఈ ధారావాహిక అమెరికాలోని ఎన్‌బీసీ ఛానల్‌లో 2006 సెప్టెంబర్ 25న మొదలై, నాలుగు సీజన్లు నడిచి, 2010 ఫిబ్రవరి 8న ముగిసింది. ఒకరికొకరు పరిచయం లేని మామూలు మనుషులకు, ప్రపంచంలో వేర్వేరు చోట్ల, ఇంచుమించు ఒకే సమయంలో అసాధారణ శక్తులు బయటపడతాయి. టోక్యోలో ఒక గుమాస్తా కాలాన్ని ఆపగలడు, టెక్సస్‌లో చదువుకునే ఒక అమ్మాయికి ఏ గాయమైనా క్షణాల్లో మానిపోతుంది, న్యూయార్క్‌లో ఒక చిత్రకారుడు రేపు జరగబోయేదాన్ని ఈరోజే బొమ్మగా గీస్తాడు. ఇందులో ప్రత్యేక దుస్తులు, ముసుగులు వేసుకునే వీరులు ఉండరు. అద్దె ఇళ్లు, అప్పులు, అన్నదమ్ముల గొడవలు ఉన్నవాళ్లే ఉంటారు. మన దగ్గర ఇంతమంది దీన్ని తమ కథగా చూడడానికి అదే ప్రధాన కారణమని మేము నమ్ముతున్నాం.

ఎక్కడి నుంచి చూడడం మొదలుపెట్టాలి?

మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచే, వరుసగా చూడాలి. ఆ సీజన్‌లోని 23 ఎపిసోడ్లు ఒకే కథ. మధ్యలో దూకితే ఏ బొమ్మ ఎప్పుడు గీశారో, అది ఎప్పుడు నిజమైందో అందదు. కథలో సగం రుచి అక్కడే ఉంది.

భవిష్యత్తును చూడగలిగే శక్తి ఎవరెవరికి ఉంది?

అందరికంటే ముందు చెప్పవలసిన పేరు ఐజాక్ మెండెజ్. అతను మాదకద్రవ్యాలకు బానిసైన చిత్రకారుడు. మొదట్లో మత్తులో ఉన్నప్పుడు మాత్రమే ఆ బొమ్మలు వస్తాయని నమ్ముతాడు, తర్వాత మత్తు లేకుండానే గీయగలుగుతాడు. అతను గీసే కామిక్ పుస్తకంలో టోక్యో గుమాస్తా హిరో నకమురా చేయబోయే పనులన్నీ ముందే అచ్చయి ఉంటాయి. ఇతరుల శక్తిని దగ్గరగా ఉండి గ్రహించగల పీటర్ పెట్రెల్లికి ఐజాక్ వల్ల అదే శక్తి వస్తుంది. శక్తులున్నవాళ్లను చంపి వాళ్ల శక్తులను సొంతం చేసుకునే సైలర్, ఐజాక్‌ను చంపి దాన్ని లాక్కుంటాడు. మూడో సీజన్‌లో పీటర్ తల్లి ఆంజెలాకు భవిష్యత్తు కలల్లో కనిపిస్తుందని తెలుస్తుంది. ఆఫ్రికాలో ఉసుటు అనే మనిషి రాళ్ల మీద గీస్తాడు, అతని దగ్గర, ఇతరుల మనసులు చదవగల పోలీసు మాట్ పార్క్‌మన్ ఆ విద్య కొంత నేర్చుకుంటాడు.

హిరోను ఈ జాబితాలో చేర్చాలా వద్దా అనేది పాత తగాదా. అతను భవిష్యత్తును చూడడు, అక్కడికి వెళ్లి వస్తాడు. ఈ తేడా చిన్నది కాదు. బొమ్మ గీసినవాడికి ఒక్క క్షణమే కనిపిస్తుంది, వెళ్లి వచ్చినవాడికి అక్కడి వీధులు, శవాలు, మాటలు అన్నీ తెలుస్తాయి. అయినా హిరోకు కూడా ఆ క్షణానికి ముందు ఏం జరిగిందో తెలియదు. న్యూయార్క్‌లో ఐజాక్ శవం పక్కన నిలబడి, నగరం పేలడం కళ్లారా చూసి వెనక్కి వచ్చినా, ఎవరివల్ల పేలిందో అతను చెప్పలేకపోయాడు.

ఐజాక్ బొమ్మలు ఎప్పుడూ నిజమవుతాయా? అలాగైతే ఎవరైనా దేన్నైనా మార్చినట్టు ఎలా అవుతుంది?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే కనుక కొంచెం విస్తారంగా చెబుతాం. మొదటి సీజన్‌ను ఎన్నిసార్లు పరిశీలించినా మాకు తేలేది ఒక్కటే: బొమ్మలో ఉన్నది జరుగుతుంది, కానీ ఆ బొమ్మకు మనం ఇచ్చుకున్న అర్థం చాలాసార్లు తప్పుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ల పెళ్లి ఆల్బంలోంచి ఒక్క ఫోటో చేతికొస్తే, అందులో ఏడుస్తున్న మనిషి దుఃఖంతో ఏడుస్తోందో సంతోషంతో ఏడుస్తోందో చెప్పలేం. ఐజాక్ బొమ్మలు చూసేవాళ్ల పరిస్థితి కూడా అంతే.

ఉదాహరణకు చీర్‌లీడర్ (ఆటల పోటీల్లో జట్టును ఉత్సాహపరిచే అమ్మాయి) దుస్తుల్లో ఉన్న అమ్మాయి హత్యకు గురైనట్టు గీసిన బొమ్మలను తీసుకోండి. వాటిని చూసిన పీటర్ ఆమెను కాపాడడానికి టెక్సస్‌లోని ఒడెస్సాకు పరుగెత్తుతాడు. అక్కడ అగ్నిప్రమాదంలో మనిషిని కాపాడింది గాయాలు మానిపోయే అమ్మాయి క్లేర్ అయినా, ఊరంతా ఆ గొప్పను తోటి చీర్‌లీడర్ జాకీకి అంటగట్టింది. అందుకే సైలర్ మొదట జాకీ మీద పడతాడు. ఒక చీర్‌లీడర్ చనిపోవడం నిజమే, కానీ పీటర్ చేరుకోవడం వల్ల క్లేర్ బతికింది. అదే రాత్రి పీటర్ ఎత్తు నుంచి పడి, విరిగిన ఒంటితో నేల మీద ఉండిపోతాడు. ఆ దృశ్యమూ బొమ్మలో ఉన్నదే, దాన్ని చూసినవాళ్లు పీటర్ చావు ఖాయమనుకున్నారు. అయితే క్లేర్ దగ్గర ఉన్న కాసేపట్లోనే ఆమె శక్తి అతనికి అబ్బడంతో లేచి కూర్చుంటాడు. బొమ్మ అబద్ధం చెప్పలేదు, ఆ తర్వాతి క్షణాన్ని చూపించలేదంతే.

పీటర్ అన్న, రాజకీయ నాయకుడు నేథన్ పెట్రెల్లి అమెరికా అధ్యక్ష భవనంలో నిలబడినట్టున్న చిత్రం ఇంకా భయంకరమైనది. తెర వెనుక పథకాలు నడిపే లిండర్‌మన్ ఆ చిత్రాన్ని చూపించి నేథన్‌ను లొంగదీసుకుంటాడు. ఇరవయ్యో ఎపిసోడ్‌లో ఐదేళ్ల తర్వాతి కాలాన్ని చూసినప్పుడు, ఆ కుర్చీలో ఉన్నది నేథన్‌ను చంపి అతని ముఖం తొడుక్కున్న సైలర్ అని తెలుస్తుంది. తనకు అధికారం రాసిపెట్టి ఉందని నమ్మిన మనిషి నిజానికి తన హంతకుడి బొమ్మను చూసి మురిసిపోయాడన్న మాట. ఈ ధారావాహికలో భవిష్యద్దర్శనం గురించి ఇంతకంటే లోతైన సన్నివేశం మరొకటి లేదని మా అభిప్రాయం.

మరి పేలే మనిషి ఎవరు? చివరికి పేలుడు ఆగిందా?

మొదట టెడ్ స్ప్రేగ్ అనుకుంటాం, ఎందుకంటే ఒంట్లోంచి అణుశక్తి వెలువడేది అతనికే. తర్వాత ఆ శక్తిని లాక్కున్న సైలర్ అనుకుంటాం. టెడ్ దగ్గర నుంచి ఆ శక్తిని గ్రహించి, అదుపు చేసుకోలేని పీటరే ఆ మనిషి. 2007 మే 21న వచ్చిన మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో నేథన్ తమ్ముడిని ఎత్తుకుని ఆకాశంలోకి ఎగిరిపోతాడు. పేలుడు జరిగింది, కానీ నగరానికి చాలా ఎత్తున జరిగింది. కనుక ‘ఆగిందా’ అని అడిగితే ఆగలేదనే చెప్పాలి, ‘లక్షలాది జనం బతికారా’ అని అడిగితే బతికారని చెప్పాలి.

కొందరు మిత్రులు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు: పీటర్ దగ్గర కూడా ఎగిరే శక్తి ఉంది కదా, తానే ఎగిరిపోవచ్చు కదా? అభ్యంతరం న్యాయమైనదే. ఆ క్షణంలో రెండు శక్తులను ఒకేసారి వాడలేకపోయాడని సమాధానపడవచ్చు. మా దృష్టిలో అసలు విషయం వేరు. ఆ సీజన్ అంతా తన పదవి కోసం తమ్ముడి మాటను కొట్టిపారేసిన అన్న చివరికి దిగి రావడమే ఆ ముగింపు, దాని కోసం రచయితలు ఒక మెలికను చూసీచూడనట్టు వదిలేశారు.

ముగింపు ముందే తెలిసిపోతే కథలో ఆసక్తి ఏముంటుంది?

మన చిందు యక్షగానం చూసేవాళ్లకు ఈ ప్రశ్న రాకూడదు. స్తంభంలోంచి నరసింహుడు వస్తాడని తెలియని ప్రేక్షకుడు ఎవరూ ఉండరు, అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. ఎలా వస్తాడు, హిరణ్యకశిపుడు ఆ చివరి మాట ఎంత గర్వంగా అంటాడు అన్నదాని కోసమే ఆ ఎదురుచూపు. నగరం పేలుతుందని ‘హీరోస్’ మొదటి ఎపిసోడ్‌లోనే చెప్పేస్తుంది. ఐజాక్ దాన్ని తన గది నేల నిండా గీసి ఉంచుతాడు. ఆ తర్వాత ఇరవై రెండు ఎపిసోడ్లూ అక్కడికి ఎవరు, ఏ దారిన, ఏ తప్పు చేసి చేరుతారన్నదే కథ.

కాలజ్ఞానం, పంచాంగ శ్రవణం, రంగం మన దగ్గర ఉన్నవే. ఐజాక్ బొమ్మలను వాటితో పోల్చవచ్చా?

పోల్చవచ్చు, పోల్చినప్పుడే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అనే మాట మన పల్లెల్లో వినబడుతుంది. అంటే జరిగిన తర్వాత ఆ వాక్యాన్ని వెతికి పట్టుకుంటాం. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విన్న రైతు ఆ మాటలు విని విత్తనాలు కొనడం మానుకోడు. ఏడాది మంచిగా లేదన్నా దుక్కి దున్నుతాడు. లష్కర్ బోనాల మరుసటి రోజు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో, పచ్చికుండ మీద నిలబడి రంగం వినిపించే స్త్రీని అక్కడివాళ్లు ప్రశ్నలు అడుగుతారు: వానలు పడతాయా, పూజల్లో లోపం ఉందా, జనం చల్లగా ఉంటారా? ఆ భవిష్యవాణిలో అడిగేవాళ్లు ఉన్నారు, చెప్పేవాళ్లు ఉన్నారు, ఫలానాది చేయండి, తప్పుతుంది అన్న దారి కూడా ఉంది.

ఐజాక్ బొమ్మకు నోరు లేదు. ప్రశ్న అడిగితే జవాబు రాదు, శాంతి చేయించే మార్గం చెప్పదు. అందుకే ఆ బొమ్మల చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు ఆధారపడక తప్పదు. ఐజాక్ గీయాలి, పీటర్ దాన్ని నమ్మాలి, హిరో వెళ్లి చూసి రావాలి. ఎవరి ముక్క వాళ్ల దగ్గరే ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు. మొదటి సీజన్ గొప్పతనం ఈ అల్లికలోనే ఉంది. జోస్యం నిజమా అబద్ధమా అన్న వాదం కంటే, విన్నవాడు దాంతో ఏం చేశాడన్నదే ఆ సీజన్‌కు ముఖ్యం.

భవిష్యత్తు నుంచి వచ్చిన హిరో పీటర్‌కు ఇచ్చిన సందేశం పనిచేసిందా?

కత్తి పట్టుకుని, కాలాన్ని ఆపి రైల్లోకి వచ్చిన ఆ పెద్ద హిరో, చీర్‌లీడర్‌ను కాపాడితే ప్రపంచాన్ని కాపాడినట్టేనని చెబుతాడు. అతని కాలంలో క్లేర్ శక్తి సైలర్ చేతికి చిక్కింది కనుక, హిరో పొడిచినా సైలర్ చావలేదు. గతంలో జరిగిన ప్రతి సంఘటననూ దారాలతో కట్టి, ఏ ముడి విప్పితే మిగతాది మారుతుందో వెతికి అతను ఆ ఒక్క రాత్రిని ఎంచుకున్నాడు. క్లేర్ బతికింది, అందువల్ల చివర్లో హిరో కత్తి సైలర్‌ను పడగొట్టగలిగింది. కనుక సందేశం పనిచేసింది. కానీ పేలేది పీటర్ అన్న ముక్క ఆ సందేశంలో లేదు, దాన్ని వర్తమానంలోని మనుషులే అప్పటికప్పుడు ఎదుర్కోవలసి వచ్చింది.

లిండర్‌మన్‌కు, ఆంజెలాకు పేలుడు గురించి ముందే తెలుసు కదా. ఎందుకు ఆపలేదు?

ఆపదలచుకోలేదు. పెద్ద విషాదం తర్వాత భయపడిన జనం ఒక నాయకుడి వెనుక చేరతారని, ఆ నాయకుడు నేథన్ కావాలని వాళ్ల పథకం. ప్రపంచ జనాభాలో 0.07 శాతం పోవడం పెద్ద నష్టం కాదని లిండర్‌మన్ వాదిస్తాడు, ఆ ఎపిసోడ్ పేరు కూడా ఆ అంకే. ఆనాటి ప్రపంచ జనాభాను సుమారు 650 కోట్లుగా తీసుకుంటే అది దాదాపు 45 లక్షల మంది. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40 లక్షల 53 వేలు. అంటే గద్వాల నుంచి కొడంగల్ దాకా, ఒక్క ఇల్లు కూడా మిగలకుండా జిల్లా మొత్తం పోయినా ఆ లెక్క పూర్తి కాదు. శాతంగా చెప్పినప్పుడు చిన్నదిగా వినిపించిన ఆ అంకెను మన మండలాల పేర్లతో చదువుకుంటే లిండర్‌మన్ ఎంతటి క్రూరుడో తెలుస్తుంది.

మునక ముందే తెలిసిన ప్రాంతం మనది. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మధ్యకాలమంతా నాగార్జునకొండ లోయ నీటిలో కలుస్తుందని అందరికీ తెలుసు. పురావస్తు శాఖవారు తవ్వకాలు జరిపి, బౌద్ధ శిథిలాలను కొండ మీదికి తరలించారు. తర్వాత శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లు మునిగినప్పుడు సోమశిల ఆలయాలను పైకి తెచ్చి మళ్లీ కట్టారు, కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపూర్‌కు తరలించారు. గుళ్లను తరలించినంత శ్రద్ధగా మనుషులను తరలించారా అన్న బాధ ముంపు గ్రామాలవాళ్లలో ఈనాటికీ ఉంది. తెలిసిన రేపటి కోసం ఎవరిని ముందు ఒడ్డుకు చేర్చాలి, ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది అన్న ప్రశ్నను ఇక్కడి ప్రేక్షకులు అంత తీవ్రంగా తీసుకోవడానికి ఈ అనుభవమే కారణమని మేము అనుకుంటాం.

హిరో చార్లీని ఎందుకు కాపాడలేకపోయాడు?

టెక్సస్‌లో ఒక చిన్న హోటల్‌లో వడ్డించే చార్లీని సైలర్ చంపుతాడు. ఆమెను కాపాడాలని వెనక్కి వెళ్లిన హిరో గురి తప్పి ఆరు నెలల వెనక్కి చేరి, ఆ ఆరు నెలలూ ఆమె స్నేహంలో గడుపుతాడు. అప్పుడు తెలుస్తుంది, ఆమె మెదడులో రక్తం గడ్డకట్టి ఉందని, సైలర్ రాకపోయినా ఆమె ఎక్కువ కాలం బతకదని. కాలాన్ని ఆపగలిగిన మనిషికి ఎదురైన మొదటి గోడ అది.

నాలుగో సీజన్‌లో హిరో మళ్లీ వెళ్లి, ఆమెకు నయమయ్యేలా చేస్తాడు, కానీ శత్రువులు ఆమెను గత కాలంలోకి విసిరేస్తారు. ఆమె కనిపించేసరికి ముసలామె అయి ఉంటుంది. వెనక్కి వెళ్లి ఆ జీవితాన్ని చెరిపేస్తానని హిరో అంటే, తనకు పిల్లలూ మనవలూ ఉన్నారని, ఆ బతుకు తనదేనని చార్లీ చెబుతుంది. హిరో ఒప్పుకుంటాడు. చివరి సీజన్‌ను చాలామంది తీసిపారేస్తారు గానీ, ఈ ఒక్క సన్నివేశం కోసమైనా దాన్ని చూడాలని మేము గట్టిగా కోరుతున్నాం.

రెండో సీజన్ నుంచి ఎందుకు దిగజారింది?

రెండు కారణాలున్నాయి. 2007 నవంబర్‌లో అమెరికాలో రచయితల సమ్మె మొదలవడంతో ఆ సీజన్ 11 ఎపిసోడ్లకే ముగిసింది, వైరస్ వ్యాపించే కథను మార్చి పీటర్ వైరస్ సీసాను పగలకుండా పట్టుకున్నట్టు ముగించవలసి వచ్చింది. సమ్మెకు ముందే కథ నెమ్మదించింది. హిరోను 1671 నాటి జపాన్‌లో చాలాసేపు నిలబెట్టారు. వేగం తగ్గిందని, ఇలాంటి తప్పులు జరిగాయని టిమ్ క్రింగ్ కూడా బహిరంగంగానే ఒప్పుకున్నారు.

అంతకంటే పెద్ద లోపం మూడో సీజన్‌లో ఉంది. అక్కడ ప్రతి రెండు మూడు ఎపిసోడ్లకూ ఒక కొత్త ఘోర భవిష్యత్తు కనిపిస్తుంది, మరుసటి వారం అది చెరిగిపోతుంది. మొదటి సీజన్‌లో ఒక్క బొమ్మ కోసం మనుషులు ప్రాణాలకు తెగించారు. తన చావును తానే గీసుకున్న ఐజాక్ పారిపోకుండా, సైలర్ వచ్చేవరకు గదిలోనే ఉండి, నిన్ను ఎలా ఆపాలో వాళ్లకు చూపించానని చెప్పి చనిపోయాడు. ఆ బరువు తర్వాతి భవిష్యత్తులకు లేదు.

ఆ బొమ్మలు నిజంగా ఎవరు వేశారు?

ప్రసిద్ధ కామిక్ చిత్రకారుడు టిమ్ సేల్. ఆయన 2022లో మరణించారు.

మొహిందర్ సురేశ్‌ది చెన్నై అంటారు కదా, మనవాళ్ల పాత్ర సరిగా ఉందా?

జన్యుశాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా అతన్ని చెన్నైలో పరిచయం చేస్తారు. తండ్రి చంద్ర సురేశ్ న్యూయార్క్‌లో టాక్సీ నడుపుతూ పరిశోధన చేసి హత్యకు గురవుతాడు. మొహిందర్ పాత్ర పోషించిన సెంధిల్ రామమూర్తి అమెరికాలోనే పుట్టి పెరిగిన నటుడు. ఉత్తరాది పేరు తమిళ కుటుంబానికి పెట్టడం మనకు కొంచెం ఎబ్బెట్టుగా తోస్తుంది. అయినా తండ్రి వదిలిన పనిని కొడుకు పూర్తిచేయాలన్న తపన మాత్రం సహజంగా ఉంది.

2015లో వచ్చిన కొనసాగింపు చూడాలా?

‘హీరోస్ రీబార్న్’ పేరుతో 13 ఎపిసోడ్లు వచ్చాయి. క్లేర్‌ను పెంచిన తండ్రి నోవా బెన్నెట్ మీద అభిమానం ఉన్నవాళ్లు చూడవచ్చు. మిగతావాళ్లు మొదటి సీజన్‌నే రెండోసారి చూడడం మేలు.

ఇంట్లో పిల్లలతో కలిసి చూడవచ్చా?

చిన్నపిల్లలకు తగదు. సైలర్ మనుషుల పుర్రె కోసి చంపే దృశ్యాలు, ఐజాక్ మత్తుసూదులు గుచ్చుకునే దృశ్యాలు మొదటి ఎపిసోడ్ల నుంచే ఉన్నాయి. ఇంటర్ వయసు దాటిన పిల్లలతో అయితే, మొదటి సీజన్ పదిహేడో ఎపిసోడ్ తప్పకుండా కలిసి చూడండి. క్లేర్‌ను పెంచిన తండ్రి నోవా, ఆమెను కాపాడడం కోసం ఆమె ఎక్కడికి వెళ్లిందో తనకే గుర్తులేకుండా చేయించుకునే ఎపిసోడ్ అది. అది అయ్యాక తండ్రీబిడ్డలు మాట్లాడుకోవలసినవి చాలా ఉంటాయి కనుక ఆ రాత్రికి తర్వాతి ఎపిసోడ్ పెట్టకండి.